ఒక్క ఓటు, లేని వాడ

కులం మీద సినిమా తీస్తారు, కులాన్ని పేరుపెట్టి పిలవడానికి మాత్రం జంకుతారు. తెలుగు సినిమాకు ఇది కొత్త జబ్బేం కాదు. కాకపోతే ఆ జబ్బు నవ్విస్తూ, మంచి మనసుతో వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం. దళితుల మీద ద్వేషంతో తీసిన సినిమానైతే తిట్టి పక్కన పెట్టేయొచ్చు. మన పక్షాన నిలబడాలనుకున్న సినిమాతో అలా కుదరదు. దాన్లో మనకు పనికొచ్చేదీ ఉంటుంది, మనల్ని మాయం చేసేదీ ఉంటుంది. అందుకే దానితో తగువు పడాలి. 2021లో మడోన్ అశ్విన్ తమిళంలో తీసిన ‘మండేలా’, దానికి తెలుగు రూపంగా పూజా కొల్లూరు దర్శకత్వంలో 2023 అక్టోబరులో వచ్చిన ‘మార్టిన్ లూథర్ కింగ్’ అలాంటి సినిమాలని మేం అనుకుంటున్నాం.

ఈ రెంటినీ పెద్ద అంబర్‌పేటలో ఒక గదిలో విద్యార్థులతో, టీచర్లతో కలిసి చూశాం. విజయవాడ రోడ్డు ఔటర్ రింగు రోడ్డును కలిసే ఈ చోటు ఒకప్పుడు గ్రామ పంచాయతీ, ఆ తర్వాత పురపాలిక అయింది. చూసినవాళ్ళలో చాలామంది పల్లెల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల చుట్టూ తిరుగుతున్న పిల్లలు. సర్పంచి ఎన్నిక అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. సినిమా అయిపోయాక ఒక పిల్లవాడు మెల్లగా అడిగాడు: “అన్నా, అంతా మంచిగనే ఉంది గని, గాయన వాడ ఏది?” ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట నడిచే ప్రయత్నం.

నవ్వు ఎక్కడిది?

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. సూరంగుడి అనే ఊరు. ఊరంతా రెండు ముఠాలు, ఉత్తరపోళ్ళు, దక్షిణపోళ్ళు. ఇద్దర్నీ కలపాలని ఊరి పెద్ద రెండు కులాల నుంచీ ఒక్కో ఆమెను పెళ్ళాడాడు. కులాలు కలవలేదు సరిగదా, ఆ ఇద్దరు భార్యల కొడుకులూ చెరో ముఠాకు నాయకులై పంచాయతీ ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు నిలబడతారు. ఊరికి వచ్చిన మరుగుదొడ్డి కూడా వీళ్ళ తగాదాలో నాశనమైపోతుంది. తలలు లెక్కపెట్టుకుంటే ఓట్లు సరిసమానం.

ఆ ఊళ్ళోనే చెట్టు కింద బతికే ఒక క్షురకుడు. ఆయనకు పేరు లేదు, వెక్కిరింపు పేర్లే ఉన్నాయి. క్షవరం ఒక్కటే కాదు, ఎవరు ఏ చాకిరీ చెప్పినా చెయ్యాలి. ఇంటి ముందువైపు నుంచి రాకూడదు. సెలూను పెట్టుకోవాలని దాచుకున్న డబ్బు పోతే పోస్టాఫీసులో దాచుకోవాలనుకుంటాడు. ఖాతాకు పేరు కావాలి, కాగితం కావాలి. అక్కడి ఉద్యోగిని ఆయనకు నెల్సన్ మండేలా అని పేరు పెడుతుంది. పేరు వెంట కార్డు, కార్డు వెంట ఓటు వస్తాయి. ఇక ఆ ఒక్క ఓటే ప్రెసిడెంటును తేల్చాలి. నిన్నటిదాకా పెరట్లోకి పిలిచినవాళ్ళు ఇవాళ ఆయన చెట్టు దగ్గరకే వచ్చి నిలబడతారు. మొదట కానుకలు, తర్వాత వేలంపాట, తర్వాత దెబ్బలు. చివరికి ఆయన ఆ ఓటునే పట్టుకుని ఊరికి కావలసిన పనులన్నీ చేయించుకుంటాడు.

ఈ కథలో ఉన్న బలాన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. తమిళ సినిమాల్లో యోగి బాబు జుట్టునూ ఒళ్ళునూ చూపించి జనాన్ని నవ్వించడం అలవాటుగా మారింది. ఈ సినిమాలో అదే మనిషి చూస్తూ ఊరుకుంటాడు, ఊరే వెకిలిగా ప్రవర్తిస్తుంది. నవ్వు అణగారినవాడి మీద నుంచి పక్కకు జరిగి అణిచేవాడి మీద పడుతుంది. ఇది చిన్న సంగతి కాదు. 2022లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఈ సినిమాకు తొలి చిత్ర దర్శకుడి అవార్డు, సంభాషణల అవార్డు రెండూ వచ్చాయి. అదే సమయంలో, తమ వృత్తివాళ్ళను అవమానించే దృశ్యాలు ఇందులో ఉన్నాయని తమిళనాడులోని క్షురక కులసంఘం ఒకటి 2021లోనే హైకోర్టుకు పోయింది. బయటి ప్రేక్షకుడికి ఊరి క్రూరత్వంగా కనిపించిన దృశ్యం, అనుభవించినవాళ్ళకు మళ్ళీ ఒక అవమానంగా తగిలింది. ‘వాళ్ళకు వ్యంగ్యం అర్థం కాలేదు’ అనేస్తే పని సులువే. వెయ్యేళ్ళుగా ఊరి నవ్వుకు సరుకైనవాళ్ళు నవ్వంటే ఉలిక్కిపడితే తప్పు వాళ్ళదా?

కత్తెర పోయి ఆరె వచ్చింది

తెలుగులోకి వచ్చేసరికి కథ దాదాపు అదే. ఊరి పేరు మారింది. యోగి బాబు చోట, ‘హృదయ కాలేయం’తో 2014లో తెరకెక్కిన సంపూర్ణేష్ బాబు వచ్చాడు. అన్నిటికంటే పెద్ద మార్పు వృత్తిలో జరిగింది. తమిళ క్షురకుడు తెలుగులో చెప్పులు కుట్టేవాడయ్యాడు. కత్తెర పోయి ఆరె చేతికొచ్చింది. సమీక్షకులు చాలామంది దీన్ని వేషం మార్పుగానే చూశారు. మా దృష్టిలో మొత్తం సినిమా అర్థం మారిపోయింది ఇక్కడే.

ఎందుకో చూద్దాం. క్షురక వృత్తి కులాలు ఊరికి ఒకటో రెండో ఇళ్ళుగా ఉంటాయి. ఊరందరికీ పనిచెయ్యాలి, ఊళ్ళో తనవాళ్ళంటూ ఎక్కువమంది ఉండరు. కాబట్టి ‘మండేలా’లో ఆ మనిషి ఒంటరితనం ఉత్త కల్పన కాదు, సేవా కులాల సామాజిక వాస్తవం. ఊరు రెండుగా చీలినప్పుడు ఆ ఒక్క ఇంటి ఓటు ఎటూ కాకుండా మధ్యలో మిగలడం నమ్మదగ్గ సంగతే. తమిళ కథ పునాది అది.

చెప్పులు కుట్టేవాడి సంగతి వేరు. తెలుగు పల్లెలో ఆ పని చేసే కులమేదో తెలియనివాళ్ళు ఎవరున్నారు? మాదిగలు ఊరికి ఒక ఇల్లుగా లేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 67 లక్షల మంది. షెడ్యూల్డు కులాల్లో అందరికంటే పెద్ద సంఖ్య వాళ్ళదే. ఊరికి ఆనుకుని వాడ ఉంటుంది. వాడలో ముప్పయ్యో, యాభయ్యో, వందో గడపలుంటాయి. మోట బావికి తోలు బొక్కెన చేసిచ్చింది ఆ వాడే. ఎడ్లకు పట్టెడలు, మనుషులకు చెప్పులు, చావుకూ పండక్కీ డప్పు ఇచ్చింది ఆ వాడే. మోటారు పంపులొచ్చి బొక్కెన పోయింది, కంపెనీ చెప్పులొచ్చి లంద ఎండిపోయింది. ఆ వాడ ఇప్పుడు ఎక్కువగా కూలికి పోతోంది. చెట్టు కింద ఒంటరిగా కూచుని చెప్పులు కుట్టే మనిషి ఇవాళ పల్లెలో కంటే ఎల్.బి. నగర్ బస్టాపు దగ్గర గొడుగు కింద ఎక్కువ కనిపిస్తాడు. ఆయనకైనా వెనక ఒక వాడ ఉంది, పండక్కి పోయి వస్తాడు.

సినిమా ఈ వాడను తుడిచేసింది. అనాథను చేసి, చెట్టు కింద కూచోబెట్టి, ఒక్క ఓటు చేతికిచ్చింది. ఉత్తరం ఓట్లు, దక్షిణం ఓట్లు లెక్కపెడితే ఊరంతా అయిపోతుంది. మరి వాడ ఓట్లు ఏ లెక్కలో ఉన్నాయి? మన పల్లెల్లో సర్పంచి ఎన్నికను మాలవాడ, మాదిగవాడ ఓట్లు తేల్చిన సందర్భాలు కొల్లలు. ఎన్నికల ముందు రాత్రి సారా ప్యాకెట్లూ నోట్లూ పోయేది ఆ వీధుల్లోకే. రెండు ముఠాలూ బతిమాలేదీ బెదిరించేదీ ఆ గడపల్నే. అక్కడ పెద్దమనుషులుంటారు, సంఘాలుంటాయి, చీలికలుంటాయి, మాట తప్పినవాళ్ళుంటారు, మాటకు నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళుంటారు. అంత సంక్లిష్టమైన రాజకీయాన్ని తీసేసి, దాని జాగాలో ఒక అమాయకుణ్ణి పెట్టారు. ఒక్కడైతే జాలిపడొచ్చు, ప్రేమించొచ్చు, నవ్వొచ్చు. వాడంతా లేచి అడిగితే నవ్వు రాదు, భయమేస్తుంది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో చూసింది ఆ భయం చేసిన పనే.

దర్శకురాలు ఇది కావాలని చేశారని మేం అనడం లేదు. ఒక వృత్తి బదులు ఇంకో వృత్తి పెడితే ‘అట్టడుగు మనిషి’ అనే అర్థం వస్తుందిలే అనుకుని ఉండొచ్చు. అట్టడుగంతా ఒకటే అనుకోవడమే అసలు చిక్కు. క్షురకుణ్ణి పెరట్లోకి రానిచ్చే ఊరు మాదిగను పెరట్లోకీ రానివ్వదు. ఒకరిది వెట్టి, ఒకరిది వెట్టితోపాటు వెలి. ఈ తేడాను చూడలేని కన్నుకు కులం అర్థమైందని ఎట్లా అనుకోవాలి?

దిక్కుల పేర్లు, దూరదేశం పేర్లు

రెండు సినిమాల్లోనూ కొట్టుకునే కులాలకు దిక్కుల పేర్లే ఉన్నాయి. హాస్యం కోసం, ఎవరి మనసూ నొప్పించకుండా ఉండడం కోసం ఈ ఏర్పాటు అంటారు. దీని ఫలితం ఏమంటే కులం రెండు సమాన వర్గాల తెలివితక్కువ పంతంగా కనిపిస్తుంది. ఉత్తరం, దక్షిణం ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కులాలు ఎదురెదురుగా ఉండవు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అంబేద్కర్ జీవితమంతా చెప్పింది మెట్ల అసమానత గురించి. ఆ మెట్లను నేలమీద పడుకోబెట్టి దిక్కులు చేస్తే ‘ఇద్దరూ మూర్ఖులే’ అని నవ్వుకుని ఇంటికి పోవచ్చు. చూసేవాడి కులం ఎక్కడా తగలదు.

1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన సినిమా పేరే ‘మాలపిల్ల’. దాని సంస్కరణవాదంతో మనకు ఎన్ని పేచీలైనా ఉండొచ్చు గానీ, కులం పేరును గోడల మీద పోస్టర్లుగా అంటించే ధైర్యం ఆనాడు ఉంది. 1987 నాటి ‘స్వయంకృషి’కి వచ్చేసరికి చిరంజీవి చెప్పులు కుడతాడు, కష్టపడి పెద్దవాడవుతాడు, వృత్తి గౌరవం గురించి మనకు పాఠం చెబుతాడు. కులం మాత్రం చమటలో కొట్టుకుపోతుంది. 2023లో కథానాయకుడు మళ్ళీ ఆ ఆరెనే పట్టుకున్నాడు, మళ్ళీ వృత్తి మిగిలింది, కులం మాయమైంది. మధ్యలో 2020లో ‘పలాస 1978’ లాంటి సినిమాలు వేరే దారి ఉందని చూపించినా ఆ దారిన నడిచినవాళ్ళు తక్కువ.

పేరు విషయానికొద్దాం. పేరులేని మనిషికి పేరు రావడం ఈ కథకు గుండెకాయ. అంటరానివాడికి మంచి పేరు పెట్టుకునే హక్కు కూడా లేని సమాజంలో అది గొప్ప ఊహే. మేం అడిగేది ఆ పేరు ఎక్కడిదని. 1994 ఏప్రిల్ 27న దక్షిణాఫ్రికాలో మండేలా తన జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. అదే ఏడాది జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. దండోరా చేసిన మొదటి పని పేర్లు మార్చడమే. తిట్టుగా వాడే మాటను ఇంటిపేరు చోట, శర్మ, రెడ్డి, చౌదరి కూచునే చోట పెట్టారు. కృష్ణ మాదిగ అన్నారు. ఎవరో పోస్టాఫీసులో దయతలచి పెట్టిన పేరు కాదది. తమకు తామే పెట్టుకున్నారు, సభలో నిలబడి చెప్పుకున్నారు. చెప్పులు కుట్టేవాడికి పేరు దొరకడం గురించి తెలుగులో సినిమా తీస్తూ, తెలుగు నేల మీద జరిగిన ఈ అతిపెద్ద నామకరణాన్ని దాటేసి అమెరికా దాకా పోవలసి వచ్చింది!

అంబేద్కర్ పేరు ఎందుకు కాలేదు? జవాబు అందరికీ తెలుసు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చవద్దంటూ మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఒక జిల్లాకు ఆ పేరు పెడితేనే మంటలు లేచాయి. దూరదేశపు పేరుకు మంటలు అంటుకోవు. నల్లవాళ్ళ వీరుడి పేరు విని మన అగ్రవర్ణ ప్రేక్షకుడు హాయిగా చప్పట్లు కొట్టగలడు, ఎందుకంటే ఆ వీరుడు తన ఊళ్ళో భూమి అడగడు, రిజర్వేషను అడగడు.

పోనీ, ఆ పేరు చరిత్రనైనా దగ్గరికి తీసుకోవలసింది. కింగ్ 1959లో ఇండియా వచ్చినప్పుడు కేరళలో అంటరాని కులాల పిల్లలు చదివే ఒక బడికి పోయాడు. అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. మొదట తనకు చివుక్కుమందనీ, తర్వాత తన జనం బతుకు తలచుకుని అది నిజమేనని ఒప్పుకున్నాననీ 1965 జూలై 4న అట్లాంటాలో తన చర్చి ప్రసంగంలో కింగే చెప్పాడు. ఆ తర్వాత నెల, ఆగస్టు 6న, సెల్మా ఊరేగింపుల ఫలితంగా నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆయన పేరులోనే ఓటు ఉంది, అంటరానితనాన్ని ఒప్పుకుని తలెత్తుకోవడం ఉంది. కింగ్ పలికిన మాటను ఆయన పేరు పెట్టుకున్న మన చెప్పులు కుట్టే మనిషితో పలికించే అవకాశాన్ని సినిమా వాడుకోలేదు.

ఓటరే గాని అభ్యర్థి కాదు

ఇంకో సంగతి. ఈ ఊళ్ళలో ఆ మనిషి ఓటు కావాలి. ఆయన ప్రెసిడెంటుగా నిలబడొచ్చన్న ఆలోచనకు మాత్రం కథలో చోటు లేదు. అన్నదమ్ముల్లో ఎవరో ఒకరిని ఎంచుకోవడమే ఆయన రాజకీయం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి సర్పంచి పదవుల్లో షెడ్యూల్డు కులాలకు వాటా ఇచ్చాక ముప్పయ్యేళ్ళకు తీసిన సినిమాలివి.

దళితుడు ఆ కుర్చీకి పోటీపడితే ఏమవుతుందో తమిళ నేలకు బాగా తెలుసు. మదురై జిల్లా మేలవళవులో దళిత ప్రెసిడెంటు మురుగేశన్‌నూ మరో అయిదుగురినీ 1997 జూన్ 30న నరికి చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలు దళితులకు రిజర్వు అయ్యాయని 1996 నుంచి పదేళ్ళపాటు ఎన్నిక సరిగా జరగనివ్వలేదు. 2006లో గాని అక్కడ ఎన్నికైనవాళ్ళు కుర్చీలో కూచోలేదు. మన దగ్గర అంత నెత్తురు లేకపోతే, దాని బదులు ‘ఏకగ్రీవం’ ఉంది. 2019 తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్ళకు పది లక్షల ప్రోత్సాహకమన్నారు. రచ్చబండ దగ్గర పదవికి వేలంపాటలు పెట్టిన వార్తలూ చదివాం. సీటు రిజర్వు అయితే పెద్దదొర ఇంట్లో పనిచేసేవాణ్ణి నిలబెట్టి సంతకాలు పెట్టించుకోవడం ఎరగనిదెవరు? ఇంత కామెడీ కళ్ళముందుండగా దానికి కెమెరా తిరగలేదు.

చివరగా ముగింపు గురించి. కథానాయకుడు మొదట తనకోసం అడుగుతాడు. దుకాణం, తిండి, బట్ట. సినిమా దాన్ని ఆశపోతుతనంగా చూపించి మనల్ని నవ్విస్తుంది. దెబ్బలు తిన్నాక ‘ఎదిగి’ ఊరికోసం అడుగుతాడు. అప్పుడు ఆయన గొప్పవాడవుతాడు. తరతరాలుగా తనను వెలివేసిన ఊరికి తన ఒక్క ఆస్తినీ ధారపోస్తేనే దళితుడు మంచివాడు! తనకోసం అడిగితే స్వార్థం. వర్గీకరణ అడిగినప్పుడు మాదిగలను అన్నది ఇదే కదా. 1951 ఏప్రిల్ 18న ఈ విజయవాడ రోడ్డు పక్క ఊరే అయిన పోచంపల్లిలో వినోబా ఏం కావాలని అడిగితే నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలన్నాయి. ఊరికి మంచిబాట కావాలని అనలేదు, మాకు భూమి కావాలన్నాయి. అడిగింది ఒక్కడు కాదు, వాడ. దండోరా కూడా ముప్పయ్యేళ్ళు తన వాటానే అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నా, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చినా, అవి ఒక అమాయకుడి మంచితనం వల్ల రాలేదు. అడగడం మానని జనం వల్ల వచ్చాయి.

ఈ సినిమాలను చూడొద్దని మేం చెప్పడం లేదు. చూపించండి, బడుల్లో, హాస్టళ్ళలో చూపించండి. తమిళాన్నీ తెలుగునూ పక్కపక్కన పెట్టి చూపించండి. కత్తెర ఆరె అయితే ఏం మారిందో పిల్లల్నే చెప్పనివ్వండి. హాస్యం మనకు పరాయిది కాదు. చిందువాళ్ళు ఆడే జాంబ పురాణంలో జాంబవుడు బ్రాహ్మణుడితో ఎవరు ముందు పుట్టారని వాదానికి దిగుతాడు. అది వాడ మధ్యలో, వాడవాళ్ళ కళ్ళముందు, కులాన్ని పేరుపెట్టి పిలుస్తూ సాగే ఆట. అక్కడ మాదిగ ఒంటరివాడు కాడు. అతని చుట్టూ నవ్వేది అతని జనమే. అలాంటి నవ్వుతో సర్పంచి ఎన్నిక మీద ఒక సినిమా ఎవరు తీస్తారో చూడాలి. అప్పటిదాకా పెద్ద అంబర్‌పేట గదిలో ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నను ప్రతి సినిమా ముందూ పెడదాం. వాడ ఏది?